నేల కింది నీటి నడకకు లెక్క కట్టిన ఇంజనీరు హెన్రీ డార్సీ

నేలలో ఇంకిన మురుగు ఎటు పోతుంది, ఎన్నాళ్లకు పొరుగు బావిని చేరుతుంది, చేరేనాటికి అందులో విషం ఎంత మిగిలి ఉంటుంది అన్న ప్రశ్నలకు ఇవాళ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాల సాయంతో సమాధానాలు చెబుతున్నారు. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలుకొని సముద్రం నడుమనున్న చిన్న దీవుల వరకు ఎక్కడ భూగర్భ జల కాలుష్యాన్ని అంచనా వేయాలన్నా ఈ నమూనాలే ఆధారం. వాటన్నిటికీ పునాది మాత్రం ఒక్కటే. అది 1855లో ఫ్రాన్సులోని ఒక ఆస్పత్రి ఆవరణలో, ఇసుక నింపిన ఒక ఇనుప గొట్టం వద్ద పడింది. ఆ పునాది వేసిన వ్యక్తి హెన్రీ డార్సీ. ఆయన కన్నుమూసి నూటయాభై ఏళ్లు దాటినా, ఆయన కనుగొన్న సూత్రం ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట ఎవరి తాగునీటికో కావలి కాస్తూనే ఉంది.

బాల్యం, విద్య

హెన్రీ ఫిలిబెర్ గాస్పార్ డార్సీ 1803 జూన్ 10న ఫ్రాన్సులోని బుర్గుండీ ప్రాంతానికి కేంద్రమైన డిజాన్ పట్టణంలో జన్మించారు. తెలుగువారికి ఈ సంవత్సరం మరొక విధంగానూ గుర్తుండదగినది. గోదావరి జిల్లాల ప్రజలు దేవుడిలా కొలుచుకునే సర్ ఆర్థర్ కాటన్ పుట్టినది కూడా 1803లోనే, డార్సీకి నెలరోజులు ముందుగా మే 15న. ఇద్దరూ నీటినే నమ్ముకున్న ఇంజనీర్లు. ఒకరు నదికి అడ్డుకట్ట వేసి పంట పొలాలకు నీరు మళ్లించగా, మరొకరు ఊటనీటిని ఊరికి తెచ్చి, ఆపైన కంటికి కనిపించని నేలలోపలి నీటి నడకను సూత్రబద్ధం చేశారు.

డార్సీ తండ్రి ప్రభుత్వోద్యోగి. కుమారుడికి పద్నాలుగేళ్ల ప్రాయంలో, 1817లో ఆయన మరణించారు. కుటుంబం ఆర్థికంగా చితికిపోయినా తల్లి పిల్లల చదువు ఆగనివ్వలేదు. అప్పు చేసి మరీ ఉపాధ్యాయులను కుదిర్చారు. ఆమె పట్టుదల ఫలించి డార్సీ 1821లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో, రెండేళ్ల తరువాత వంతెనలు, రహదారుల ఇంజనీరింగ్ విద్యాలయంలో చేరారు. ఘన పదార్థాల గుండా ఉష్ణం ఎలా ప్రసరిస్తుందో వివరిస్తూ గణితవేత్త ఫూరియర్ తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రచురించినది 1822లో, అంటే డార్సీ విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే. వేడి ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటుకు ఆ తేడాకు అనులోమంగా ప్రవహిస్తుందన్నది అందులోని మూలసూత్రం. మూడు దశాబ్దాల తరువాత డార్సీ నీటి విషయంలో కనుగొన్నదీ సరిగ్గా అటువంటి సంబంధమే.

చదువు పూర్తిచేసుకుని ప్రభుత్వ ఇంజనీరుగా నియమితులైన డార్సీ కొద్దికాలం జురా ప్రాంతంలో పనిచేసి, 1827లో స్వస్థలమైన డిజాన్‌కు బదిలీపై వచ్చారు. మరుసటి ఏడాది ఆంగ్ల కుటుంబానికి చెందిన హెన్రియెట్ కేరీని వివాహమాడారు. ఆ దంపతులకు సంతానం కలగలేదు.

డిజాన్ దాహం

ఆనాటి డిజాన్ నీటి విషయంలో అపఖ్యాతి మూటగట్టుకున్న ఊరు. ఇళ్లలోని నిస్సారమైన బావులు, పక్కనే మురుగు గుంతలు, ఊరి మీదుగా పారే మురికి వాగు. ప్రజలు తాగేది ఈ నీటినే. మంచినీటి కోసం పట్టణ పాలకులు 1830 ప్రాంతంలో సెయింట్ మిషెల్ కూడలిలో లోతైన బావి తవ్వించారు. నీరు పడింది కాని అది ఊరి అవసరాలకు ఏ మూలకూ చాలలేదు. ఇంతలో 1832లో కలరా మహమ్మారి ఫ్రాన్సును చుట్టుముట్టింది. ఒక్క పారిస్‌లోనే వేల ప్రాణాలు పోయాయి. కలరాకు కారణం దుర్గంధంతో నిండిన గాలి అని వైద్యలోకం నమ్ముతున్న రోజులవి. నీటి ద్వారా వ్యాధి వ్యాపిస్తుందన్న ఎరుక ఇంకా కలగలేదు. కారణం తెలియకపోయినా శుభ్రమైన నీరు ఊరికి అవసరమన్న విషయంలో డార్సీకి సందేహం లేదు.

ఊరిలోని నేలను నమ్ముకోవడం మాని, దూరాన ఉన్న స్వచ్ఛమైన ఊటనీటిని తెచ్చుకోవాలని ఆయన ప్రతిపాదించారు. పట్టణానికి సుమారు 12.7 కిలోమీటర్ల దూరంలోని రోజ్వార్ ఊట ఆయన ఎంచుకున్న ఆధారం. 1839లో పనులు ఆరంభమయ్యాయి. నీటికి ఎండ, దుమ్ము, మలినం తగలకుండా దారి పొడవునా కప్పు వేసిన కాలువ నిర్మించారు. యంత్రాల అవసరమే లేకుండా, నేల వాలు మీదనే నీరు ప్రవహించేలా మట్టాలు కుదిర్చారు. 1840 సెప్టెంబరు 6న రోజ్వార్ నీరు డిజాన్ జలాశయంలోకి చేరింది. నిమిషానికి సుమారు ఎనిమిది వేల లీటర్ల నీరు ఊరికి అందివచ్చింది.

తరువాతి సంవత్సరాల్లో దాదాపు 28 కిలోమీటర్ల పొడవున గొట్టాలు పరచి, నూరేసి మీటర్లకు ఒకటి చొప్పున 142 వీధి కుళాయిలు ఏర్పాటు చేశారు. బిందె పట్టుకుని ఎవరూ దూరం నడవనక్కరలేదు. పేదవాడికి నీరు కొలిచి పోయకూడదని, సాధ్యమైనంత ఉచితంగా అందాలని డార్సీ దృఢంగా విశ్వసించారు. పారిస్ మహానగరానికి కూడా అటువంటి వ్యవస్థ లేని కాలంలో ఒక మధ్యతరహా పట్టణం ఈ ఘనత సాధించింది.

ఈ పనికి ప్రతిఫలంగా ఆయనకు న్యాయంగా రావలసిన 55 వేల ఫ్రాంకులను డార్సీ వదులుకున్నారు. పట్టణం బహూకరించిన బంగారు పతకాన్ని, జీవితాంతం ఉచితంగా నీరు పొందే హక్కును మాత్రమే స్వీకరించారు. తండ్రి మరణంతో అప్పుల్లో చదువుకున్న వ్యక్తి చేసిన త్యాగమిది.

పదవులు, పరీక్షలు

పారిస్ నుంచి లియాన్ వెళ్లే రైలు మార్గం డిజాన్ మీదుగా సాగడానికీ డార్సీ కృషే కారణం. అందుకు కొండను తొలిచి నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవైన బ్లేజీ సొరంగం నిర్మించవలసి వచ్చింది. ఆ మార్గం సాధ్యమేనని నిరూపించినది ఆయన సర్వేలే.

1848 విప్లవం ఆయన జీవితాన్ని ఒక్కసారిగా మలుపు తిప్పింది. కొత్త పాలకులు ఆయనను పుట్టిన ఊరికి దూరంగా బూర్జ్ పట్టణానికి బదిలీ చేశారు. అయితే ఆయన సామర్థ్యాన్ని ఎవరూ ఎక్కువకాలం విస్మరించలేకపోయారు. అదే సంవత్సరం చివరికి పారిస్ నగర నీటి సరఫరా, రహదారుల విభాగానికి అధిపతిగా నియమించారు. అక్కడ ఆయన గొట్టాలలో నీటి ప్రవాహంపై విస్తృతమైన ప్రయోగాలు జరిపారు. ప్రవాహ వేగాన్ని కొలిచే పిటో గొట్టాన్ని నేడు వాడుకలో ఉన్న రూపానికి దగ్గరగా తీర్చిదిద్దారు. 1850లో లండన్ వెళ్లి అక్కడి రహదారుల నిర్మాణాన్ని పరిశీలించి వచ్చారు.

ఆరోగ్యం నానాటికీ క్షీణించడంతో 1855లో ఉద్యోగ బాధ్యతల నుంచి విముక్తి కోరి, పరిశోధనకే అంకితమై తిరిగి డిజాన్ చేరారు. ఆయనకు మిగిలినది ఇక రెండేళ్ల పైచిలుకు ఆయుష్షు మాత్రమే. శాస్త్ర ప్రపంచంలో ఆయన పేరు నిలిపిన పని అంతా ఆ కొద్దికాలంలోనే పూర్తయింది.

ఆస్పత్రి ఆవరణలో ఇసుక గొట్టం

నదుల నీటిని తాగునీరుగా వాడుకునే పట్టణాలు దానిని ఇసుక పొరల గుండా వడగట్టడం అప్పటికే మొదలుపెట్టాయి. ఇంత మంది జనాభాకు ఎంత విస్తీర్ణంలో, ఎంత మందాన ఇసుక పరచాలో తేల్చిచెప్పే లెక్క మాత్రం ఎవరి వద్దా లేదు. ఆ లెక్క తేల్చడానికే డార్సీ పూనుకున్నారు.

1855 అక్టోబరు, నవంబరు నెలల్లో డిజాన్ ఆస్పత్రి ఆవరణలో, షార్ల్ రిటర్ అనే ఇంజనీరు తోడ్పాటుతో ప్రయోగాలు జరిగాయి. మనిషి ఎత్తుకు మించిన, 35 సెంటీమీటర్ల వ్యాసంగల ఇనుప గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి, ఫ్రాన్సులోని సోన్ నది ఇసుకతో నింపారు. పైనుంచి నీటిని ఒత్తిడితో పంపి, కింద బయటికి వచ్చే నీటిని కొలిచారు. పైన, కింద ఒత్తిడి ఎంతో పాదరస మాపకాలతో గుర్తించారు. ప్రయోగానికి వాడిన నీరు ఆస్పత్రి గొట్టాలనుంచి వచ్చేది కనుక లోపల ఎవరు కుళాయి తిప్పినా మాపకంలోని పాదరసం ఊగిసలాడేది. ఆ ఇబ్బందుల మధ్యనే ఇసుక మందం మార్చి, ఒత్తిడి మార్చి పదేపదే కొలతలు తీశారు. 1856 ఫిబ్రవరిలో రిటర్ మరికొన్ని ప్రయోగాలు చేశారు.

వెల్లడైన సంబంధం ఆశ్చర్యకరమైనంత సరళమైనది. ఇసుక గుండా ప్రవహించే నీటి పరిమాణం రెండు కొసల మధ్యనున్న నీటిమట్టాల తేడాకు, ఇసుక పొర వైశాల్యానికి అనులోమంగా, పొర మందానికి విలోమంగా ఉంటుంది. మట్టం తేడా రెట్టింపైతే ప్రవాహం రెట్టింపవుతుంది. ఇసుక మందం రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. వీటితోపాటు ఆయా ఇసుక స్వభావాన్ని తెలిపే ఒక గుణకం ఉంటుంది. ముతక ఇసుకకు అది ఎక్కువ, సన్నని ఇసుకకు తక్కువ, బంకమట్టికి అత్యల్పం. 1856లో డార్సీ ప్రచురించిన, డిజాన్ పట్టణ నీటి సరఫరాను గురించిన బృహద్గ్రంథానికి చివరన చేర్చిన ఒక అనుబంధంలో ఈ ఫలితం వెలువడింది. అదే నేటి డార్సీ సూత్రం.

వడపోత సూత్రమే కాలుష్య సూత్రం

సరిగ్గా ఏడాది ముందు, 1854లో, లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో కలరా ప్రబలి ఆరు వందలకు పైగా ప్రాణాలు బలిగొంది. జబ్బుపడినవారిలో అత్యధికులు ఒకే వీధి పంపు నీరు తాగినవారని డాక్టర్ జాన్ స్నో గుర్తించి, ఆ పంపు పిడి తీయించారు. పక్కింటి మురుగు గుంత నుంచి ఊరిన నీరు ఆ బావిలోకి చేరిందని తరువాతి తవ్వకాల్లో తేలింది. విషం బావిలోకి వచ్చిందని స్నో చూపగా, నీరు మట్టి గుండా ఎంత వేగంతో కదులుతుందో లెక్కించే మార్గం మరుసటి ఏడాది డిజాన్‌లో రూపుదిద్దుకుంది. వారిద్దరి పనిలోని బంధుత్వం లోకానికి అర్థం కావడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

నీటిని శుభ్రపరచడానికి కనుగొన్న సూత్రమే నీరు ఎలా కలుషితమవుతుందో చెప్పే సూత్రం కావడం ఇందులోని విశేషం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఇసుక నేల గుణకం రోజుకు 10 మీటర్లు అనుకుందాం. భూగర్భ జలమట్టం వెయ్యి మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉందనుకుందాం. డార్సీ సూత్రం ప్రకారం ప్రవాహం రోజుకు ఒక సెంటీమీటరు. ఇసుకలో నాలుగో వంతు మాత్రమే ఖాళీ జాగా ఉంటే, ఆ సందుల గుండా నీరు నిజంగా కదిలే వేగం అంతకు నాలుగు రెట్లు, అంటే రోజుకు 4 సెంటీమీటర్లు. ఏడాదికి దాదాపు 15 మీటర్లు. ఇవాళ నేలలో ఒలికిన రసాయనం 150 మీటర్ల దూరంలోని బావికి చేరడానికి పదేళ్లు పడుతుంది. ఒలకబోసినవారు అప్పటికి ఆ ఊరిలో ఉండకపోవచ్చు. బావిలో నీరు చెడిననాడు కారణం ఎవరికీ తోచదు. భూగర్భ జల కాలుష్యంలోని అసలు ప్రమాదం ఈ ఆలస్యమే. నేల శుభ్రపడడానికి కూడా అంతకు అంత, ఒక్కోసారి అంతకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది.

డార్సీ తరువాత ఫ్రెంచి ఇంజనీరు డుప్వీ 1863లో బావి వైపు అన్ని దిక్కుల నుంచి వచ్చే ప్రవాహానికి ఈ సూత్రాన్ని అన్వయించారు. 1935లో అమెరికా శాస్త్రవేత్త థైస్, నీరు తోడేకొద్దీ చుట్టుపక్కల మట్టం కాలంతోపాటు ఎలా పడిపోతుందో లెక్క కట్టారు. కంప్యూటర్లు వచ్చాక మార్గం మరింత సుగమమైంది. నేలను గళ్ల నుడికట్టులా వేలాది చిన్న గదులుగా విభజించి, ప్రతి గదికీ, దాని పక్క గదికీ మధ్య డార్సీ సూత్రం ప్రకారం ఎంత నీరు మారుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. వానల ద్వారా ఇంకే నీరు, బోర్లు తోడే నీరు, వాగులతో ఇచ్చిపుచ్చుకోళ్లు అన్నీ ఆ లెక్కలో చేరతాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో వెలువరించిన మోడ్‌ఫ్లో ఈ తరహా నమూనాల్లో ప్రపంచవ్యాప్తంగా పేరొందింది. నీటి ప్రవాహం తేలాక, దానితోపాటు కాలుష్యకం ఎలా కొట్టుకుపోతుంది, ఎంతగా చెదిరి వ్యాపిస్తుంది, మట్టి రేణువులకు ఎంత అంటుకుంటుంది, ఎంత విచ్ఛిన్నమవుతుంది అన్నవి మరొక దశలో లెక్కిస్తారు. బావుల్లో నిజంగా కొలిచిన మట్టాలతో సరిపోలేవరకు నమూనాను సరిచేస్తారు. కొలతలు లేని నమూనాకు విలువ లేదు.

పటాన్‌చెరు పాఠం

తెలుగు నేలపై ఈ విద్య అవసరం పటాన్‌చెరులో తీవ్రంగా కనిపించింది. పూర్వపు మెదక్ జిల్లాలోని ఈ ప్రాంతంలో 1970ల నుంచి రసాయన, ఔషధ పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థ జలాలు నక్కవాగులోకి, అక్కడినుంచి మంజీర నదిలోకి చేరాయి. చెరువులు, బావులు, పొలాలు పాడయ్యాయని గ్రామాలు మొరపెట్టుకున్నాయి. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ప్రాంత బావుల మట్టాలు, నీటి గుణం, శిలల స్వభావం పరిశీలించి, కాలుష్యకాలు భూగర్భంలో ఎటు, ఎంత మేరకు వ్యాపిస్తున్నాయో కంప్యూటర్ నమూనాల ద్వారా అంచనా వేశారు.

దక్కన్ పీఠభూమిలో ఈ పని సులువు కాదు. డార్సీ గొట్టంలోని ఇసుక అంతటా ఒకే తీరుగా ఉండేది. ఇక్కడి గ్రానైట్ నేలలో పైన కుళ్లిన రాతిపొర, కింద పగుళ్లు. ఒక పగులు గుండా నీరు పరుగెత్తగా, పక్క రాతిలో కదలనే కదలదు. అందుకే అటువంటి చోట్ల పరిశోధకులు ఎక్కువ బావులను పరిశీలించి, ఎక్కువ జాగ్రత్తతో ఫలితాలను చదవవలసి వస్తుంది. సూత్రం సరళమే అయినా నేల సరళం కాదు.

దీవుల్లో మంచినీరు

అండమాన్ నికోబార్ దీవులకూ డార్సీ సూత్రం అంతే ఆప్తమైనది. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ గడ్డపై వేసవి వచ్చేసరికి డిగ్నాబాద్ వంటి నగర వాడల్లో కుళాయి నీటి కోసం ఎదురుచూడక తప్పదు. నగరానికి ప్రధాన ఆధారం ధనికారి జలాశయం. ఏటవాలు నేలపై పడిన వాన త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. కింది రాతిపొరలు నీటిని అంతగా నిలుపుకోవు. ఉన్న కొద్ది ఊటలు, బావులు మురుగుకు ఎంత దూరాన ఉన్నాయన్నది అందువల్లనే ప్రాణప్రదమైన విషయం.

కార్ నికోబార్ వంటి పగడపు దీవుల్లో పరిస్థితి ఇంకా సున్నితం. అక్కడ మంచినీరు తన కంటె బరువైన ఉప్పునీటి మీద పలుచని తెట్టులా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు నలభై అడుగుల మంచినీరు ఉంటుందన్నది శాస్త్రవేత్తల లెక్క. పైనుంచి ఒక అడుగు తోడితే కిందినుంచి ఉప్పునీరు అంతకు నలభై రెట్లు పైకి రావడానికి సిద్ధపడుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సముద్రం నేల మీదికే వచ్చి లోతట్టు ప్రాంతాల బావులను ఉప్పుమయం చేసింది. వాన నీరు ఇంకి, ఆ ఉప్పును నెమ్మదిగా కిందికి, సముద్రం వైపు నెట్టడమే అటువంటి నేలకు ప్రకృతి చేసే చికిత్స. ఆ నెట్టుడు వేగం కూడా డార్సీ చెప్పిన లెక్క ప్రకారమే సాగుతుంది.

అంతిమ దినాలు

ఇసుక ప్రయోగాల తరువాత కూడా డార్సీ విశ్రమించలేదు. గొట్టాలలో ప్రవాహంపై పారిస్‌లో జరిపిన పరిశోధనలను 1857లో ప్రచురించారు. కాలువల్లో ప్రవాహంపై హెన్రీ బజాన్ అనే యువ ఇంజనీరుతో కలిసి కొత్త ప్రయోగాలు ఆరంభించారు. వాటి ముగింపు చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. పారిస్ ప్రయాణంలో ఉండగా న్యుమోనియా సోకి, 1858 జనవరి 3న, యాభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. గురువు మొదలుపెట్టిన ప్రయోగాలను బజాన్ పూర్తిచేసి 1865లో వెలువరించారు.

డార్సీ భౌతికకాయాన్ని ఆయనే పోరాడి తెప్పించిన రైలు మార్గంలో డిజాన్‌కు చేర్చారు. స్టేషన్ వద్ద పెద్ద సంఖ్యలో పట్టణవాసులు గుమిగూడి నివాళులర్పించారు. తొలిసారి రోజ్వార్ నీరు చేరిన జలాశయం ఉన్న కూడలికి ఆయన పేరు పెట్టారు. 1880లో ఆ జలాశయం మీదనే డార్సీ ఉద్యానవనం వెలిసింది. రాతి పొరల గుండా ద్రవాలు ప్రవహించే స్వభావాన్ని కొలిచే ప్రమాణానికి శాస్త్రవేత్తలు డార్సీ అన్న పేరే పెట్టుకున్నారు.

తన సూత్రం ఒకనాడు కాలుష్యం జాడ పట్టడానికి ఉపయోగపడుతుందని డార్సీ ఊహించి ఉండరు. పేదవాడి బిందెలోకి శుభ్రమైన నీరు చేర్చాలన్నదే ఆయన పట్టుదల. ఇవాళ ఒక ఊరి బావి పక్కన చెత్త డంపింగ్ యార్డుకు అనుమతి ఇవ్వాలా వద్దా, ఒక కర్మాగారం వ్యర్థాలను ఎక్కడ నిలవచేయాలి, మురుగు గుంతకూ బోరుకూ మధ్య ఎంత దూరం ఉండాలి అన్న నిర్ణయాలు ఆయన లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ లెక్క వేయడానికి ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. కావలసినదల్లా నేలలో ఒలకబోయక ముందే ఆ లెక్క వేసి చూసుకోవడం.